ఐసు పెట్టమన్నారు, ఎంతసేపో చెప్పలేదు

అమ్మ కుడి మోకాలికి బయటి వైపు రూపాయి బిళ్లంత మచ్చ ఒకటి ఉంది. చుట్టూ ఉన్న చర్మం కంటే ఒక ఛాయ నలుపు. అది ఆపరేషన్ గాటు కాదు. గాటు నిలువుగా, జానెడు పొడవున, చిప్ప మీదుగా దిగి చక్కగా మానిపోయింది. అది డాక్టరు చేతి పని. ఈ గుండ్రటి మచ్చ నా చేతి పని. చూసినవాళ్లంతా ఎక్కడ కాలింది అని అడుగుతారు. కాలలేదు. ఐసుతో పడింది.

ఇందులో నాకు ఎక్కువ సిగ్గు కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. నేను హనుమకొండలో పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీల వేడి కావాలని, కరిగేంతసేపూ దాని ఉష్ణోగ్రత సున్నా దగ్గరే నిలబడుతుందని, దాన్నే గుప్తోష్ణం అంటారని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అంత తెలిసినదాన్ని, డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్‌ను తిన్నగా తెచ్చి కన్నతల్లి మోకాలికి కట్టి, పక్క గదిలో ఫోను మాట్లాడుతూ కూర్చున్నాను.

అమ్మకు 66 ఏళ్లు. నర్సంపేట దగ్గరి ఊళ్లో ముప్పై ఏళ్ల పాటు నాట్లు వేసింది, మిరప తోటల్లో కాయ కోసింది, కల్లంలో గొంతుక్కూర్చుని తాలుకాయ ఏరింది. మోకాళ్లు అరిగిపోవడానికి ఇంతకంటే కారణం వెతకనక్కరలేదు. పన్నెండేళ్లుగా షుగరు. చివరి ఐదేళ్లు నొప్పి మాత్రలు, మోకాట్లో ఇంజక్షన్లు, వావిలాకు నీళ్లు, జిల్లేడు ఆకులు అన్నీ అయ్యాయి. కాళ్లు విల్లులా వంగి, మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టూ దిగే స్థితికి వచ్చాక, కిందటి ఏడాది మార్చి చివర, నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మోకాలు మార్పించాం. ఎండాకాలమే ఎందుకని అందరూ అడిగారు. అమ్మ లెక్క అమ్మకు ఉంది. మార్చిలో చేయించుకుంటే ఎంగిలిపూల బతుకమ్మ నాటికి వేయిస్తంభాల గుడి దగ్గర చప్పట్లు కొడుతూ తిరగవచ్చు. ఆపరేషన్ తేదీని డాక్టరు నిర్ణయించలేదు, తంగేడు పువ్వు నిర్ణయించింది.

మోకాలు మార్చడం అంటాం కానీ, నిజానికి పాత మోకాలు తీసేసి కొత్తది బిగించరు. తొడ ఎముక చివరను, కింది ఎముక పైభాగాన్ని కొద్ది మిల్లీమీటర్ల మేర కోసి, లోహపు తొడుగులు తొడిగి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. వినడానికి పన్నుకు క్యాపు వేసినంత తేలికగా ఉంటుంది. కానీ ఎముకను కోశారు, కండరాన్ని పక్కకు లాగారు, కీలు సంచిని చీల్చారు. ఒళ్లు దాన్ని గాయంగానే లెక్కపెడుతుంది. రక్తం, నీరు అక్కడికి చేరతాయి. మోకాలు గుమ్మడికాయంత అవుతుంది. చేయి ఆనిస్తే జ్వరం వచ్చిన నుదురులా కాలుతుంది. ఆ వెచ్చదనం వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి ఉంటుంది. ఐసు పెట్టమనేది అందుకే.

ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. అందులో ఎనిమిది మందుల పేర్లు. ప్రతి మందుకూ ఎదురుగా ఎన్ని మిల్లీగ్రాములో, రోజుకు ఎన్నిసార్లో, భోజనానికి ముందో తరువాతో, ఎన్ని రోజులో పట్టిక గీసి రాశారు. ఒక మాత్రను పాలతో వేసుకోవద్దని ప్రత్యేకంగా గీత కూడా గీశారు. అన్నిటికంటే కింద, పట్టికకు బయట, ‘ఐస్ ప్యాక్, రోజుకు 3 సార్లు’ అని ఉంది. అంతే. ఎంతసేపు, ఏ గుడ్డలో చుట్టి, మోకాలికి ఏ పక్క, ఎన్నాళ్లు, షుగరు ఉన్నవాళ్లకు పెట్టవచ్చా లేదా, ఏదీ లేదు. మాత్రకు ‘భోజనం తరువాత’ అని రాసిన చేతికి, ఐసుకు ‘గుడ్డలో చుట్టి’ అని రాయడానికి బద్ధకం అడ్డొచ్చింది.

నా వాదన అంతా ఈ ఒక్క వరుస గురించే. మందుల దుకాణంలో అమ్మేదానికే డోసు ఉంటుందని మనకు ఒక నమ్మకం. చెరకు రసం బండి మీద దొరికేదానికి డోసు ఏమిటి అనుకుంటాం. డాక్టర్లూ అలాగే అనుకుంటున్నారు.

ఇంటికి వచ్చిన మూడో రోజు మా పెద్దమ్మ పరకాల నుంచి బస్సెక్కి వచ్చింది. మంచం పక్కన ఐసు గిన్నె చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“కోసిన కాలికి చల్లదనం పెడతారా బిడ్డా? వాతం పట్టి కాలు కొయ్యలా బిగుసుకుపోతుంది. ఉప్పు మూట కట్టి కాపడం పెట్టు.”

అదే ఊపులో ఇంట్లో పప్పు వండవద్దని, వండితే గాయం చీము పడుతుందని కూడా చెప్పింది. పప్పు విషయంలో నేను సులువుగానే గెలిచాను. కోసిన ఒళ్లు మానాలంటే మాంసకృత్తులు తినాలని డాక్టరే చెప్పారు. ఐసు విషయంలో మాత్రం రెండు రోజులు యుద్ధం నడిచింది. పచ్చి గాయం మీద వేడి పెడితే రక్తం ఇంకా అక్కడికి ఎగబడుతుందని, వాపు పెరుగుతుందని, చల్లదనం రక్తనాళాలను ముడుచుకునేలా చేసి వాపును అణచి పెడుతుందని, నరాల్లో నొప్పి కబురు నడిచే వేగాన్ని తగ్గిస్తుందని తరగతిలో చెప్పినట్లు చెప్పాను. పెద్దమ్మ విని, “నీ చదువు నీది” అని తమలపాకు చుట్టుకుంది. నేను గెలిచాననుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ వాదనలో పెద్దమ్మ సిద్ధాంతం తప్పు, చేతి మెలకువ ఒప్పు. నాది సరిగ్గా దానికి తలకిందులు.

కాపడం పెట్టే ముసలమ్మను ఎప్పుడైనా గమనించారా? వేడి మూటను ముందు తన ముంజేతికి ఆనించుకుంటుంది. తాను ఓర్చుకోగలిగితేనే రోగి ఒంటికి తాకిస్తుంది. తాకించాక అక్కడే వదిలేయదు. అద్దుతుంది, తీస్తుంది, చోటు మారుస్తుంది. మధ్యమధ్య “ఎట్లా ఉంది?” అని అడుగుతూనే ఉంటుంది. పనంతా అయ్యేవరకు ఆ మంచం మీద నుంచి లేవదు. ఇవన్నీ ఆమెకు ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు. కాపడం అనే మాటతో పాటే ఈ జాగ్రత్తలూ తరతరాలుగా చేతి నుంచి చేతికి వచ్చాయి. ఉప్పు మూట, ఇసుక మూట, ఆముదం రాసి వెచ్చబెట్టిన ఆకు, వేడికి మనకు ఇంత పరివారం ఉంది. చల్లదనానికి అలాంటి సొంత మాట నాకు తట్టలేదు. ఐసు ‘పెట్టడం’ అంటాం, గిన్నె అరుగు మీద పెట్టినట్లు. నేనూ అలాగే పెట్టి వచ్చేశాను.

అలాగని చల్లదనం మన ఇళ్లకు బొత్తిగా కొత్త అనీ అనలేం. వాతం పడుతుందన్న పెద్దమ్మే నా చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి, అది వేడెక్కగానే మార్చేది. నేను గడపకు తల కొట్టుకుని బొప్పి కట్టించుకుంటే చల్లటి చెంబు అడుగును దాని మీద నొక్కి పట్టేది. ఆ మాట గుర్తుచేస్తే, “అది దెబ్బ, ఇది కోత” అంది. ఒంటికి ఆ తేడా అంతగా తెలియదని చెప్పినా ఒప్పుకోలేదు.

ఏప్రిల్ రెండో వారానికి ఓరుగల్లు ఎండలు ముదిరాయి. మా ఫ్రిజ్ ట్రేలో పద్నాలుగు ముక్కలు పడతాయి. వాచిన మోకాలి చుట్టూ సర్దాలంటే రెండు ట్రేలు ఒక్కసారికే చాలవు. మధ్యాహ్నం కరెంటు పోతే అదీ లేదు. వీధి చివర చెరకు రసం బండి అతను గోనె సంచి కింద, వరి ఊకలో పెద్ద ఐసు గడ్డ దాచుకుంటాడు. రోజూ సాయంత్రం డబ్బా పట్టుకుని వెళ్లేదాన్ని. నాలుగో రోజు అతను ఉండబట్టలేక, “రోజూ ఇంట్లో విందులా మేడమ్?” అని అడిగాడు. మోకాలి కథ చెబితే జాలిపడి, సమ్మెటతో గడ్డ పగలగొడుతూ ఒక సలహా ఇచ్చాడు. గుప్పెడు ఉప్పు చల్లితే చల్లదనం ఇంకా ఎక్కువవుతుందట. నిజమే. కుల్ఫీ వాళ్లు చేసేది అదే. ఉప్పు కలిసిన ఐసు సున్నా కంటే చాలా కిందికి దిగి పాలను గడ్డ కట్టిస్తుంది. అమ్మ మోకాలిని కుల్ఫీ చేసే ఉద్దేశం నాకు లేదు కాబట్టి వద్దన్నాను. ఆ ఒక్క రోజు నా చదువు పనికొచ్చింది.

డబ్బా మోయలేక మరుసటి వారం రెండు జెల్ ప్యాకులు కొన్నాను. నీలం రంగు, మెత్తటివి, చక్కగా మోకాలి ఆకారానికి ఒదుగుతాయి. తప్పు అక్కడే మొదలైంది. నీళ్లలో తేలుతున్న ఐసు ముక్కల సంచి ఎంతసేపు ఉంచినా సున్నా కిందికి పోదు. కరుగుతూ తన పని తాను చేసుకుంటుంది. ఇంటి డీప్ ఫ్రీజర్ ఉష్ణోగ్రత మాత్రం మైనస్ 18 దగ్గర ఉంటుంది. అందులో రాత్రంతా ఉన్న జెల్ ప్యాక్ కూడా అంతే. గట్టిగా రాయిలా ఉంటే మనమే భయపడి గుడ్డ చుట్టేవాళ్లం. మెత్తగా ఉంది కాబట్టి సాధువు అనుకుంటాం.

ఆ రోజు పదో తరగతి జవాబు పత్రాల స్పాట్ వాల్యుయేషన్ నుంచి అలసిపోయి వచ్చాను. నొప్పి మాత్ర వేసుకుని అమ్మ కునుకు తీస్తోంది. లేపడం ఎందుకని జెల్ ప్యాక్‌ను చర్మం మీదే పెట్టి, జారిపోకుండా ఎలాస్టిక్ బ్యాండేజ్ చుట్టి బయటకు వచ్చాను. ఫోను మోగింది. తోటి టీచరు. పత్రాల సంగతి, బదిలీల సంగతి, ఎవరి కూతురి పెళ్లి సంగతో. తిరిగి వెళ్లేసరికి యాభై నిమిషాలు అయింది.

బ్యాండేజ్ విప్పితే చర్మం మైనపు ముద్దలా తెల్లగా, గట్టిగా ఉంది. కాసేపటికి ఎర్రబడింది. రాత్రికి బొబ్బ లేచింది.

“నొప్పి పుట్టలేదా అమ్మా?”

“ఏమీ తెలియలేదు బిడ్డా. అక్కడ నాకు ఆపరేషన్ అయిన దగ్గరి నుంచీ మొద్దుగానే ఉంది కదా.”

ఉంది కదా! ఆ మాట ఆమె మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది. నేను వినలేదు. మోకాలి మీద నిలువు గాటు పెట్టినప్పుడు, చర్మానికి స్పర్శనిచ్చే ఒక సన్నటి నరపు కొమ్మ అడ్డంగా వస్తుంది. అది తెగక తప్పదు. అందుకే గాటుకు బయటి వైపు అరచేతిలో సగమంత మేర చాలామందికి మొద్దుబారుతుంది. కొందరిలో కాలక్రమాన తగ్గుతుంది, కొందరిలో ఉండిపోతుంది. దానికి తోడు అమ్మకు షుగరు; పన్నెండేళ్ల షుగరు కాళ్ల నరాలను ఊరికే వదలదు. దానికి తోడు నొప్పి మాత్ర. దానికి తోడు నిద్ర. చలి కొరుకుతోందని చెప్పవలసిన నలుగురు సాక్షుల నోళ్లూ మూసి, ఆ తరువాత ఐసు కట్టాను.

ఇంకో నరం సంగతి కూడా అప్పుడే తెలిసింది. మోకాలికి కాస్త కిందుగా, బయటి వైపు, వేలితో తడిమితే తగిలే చిన్న ఎముక తల చుట్టూ ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. పాదాన్ని పైకి ఎత్తేది దాని పనే. అక్కడ చల్లటి ప్యాకును బిగించి కడితే ఆ నరం దెబ్బతిని పాదం వేలాడిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మా అమ్మ రూపాయి బిళ్ల మచ్చతో బయటపడింది. అదృష్టమే.

కుట్లు తీయించడానికి వెళ్లినప్పుడు డాక్టరు బొబ్బ చూసి, “ఇంతసేపు ఎందుకు ఉంచారమ్మా?” అన్నారు. నేను సంచిలోంచి ఆ కాగితం తీసి చూపించాను. ఆయన కాగితం వైపు చూశారు, నా వైపు చూశారు. “ఇది అందరికీ తెలిసిందే కదా” అన్నారు.

అందరికీ అంటే ఎవరికి? పెద్దమ్మకు ఐసు అంటేనే భయం. అమ్మ ఊళ్లో ఐసు అంటే పెళ్లి విందుల్లో చూసినది. పాఠం చెప్పే నాకే తెలియలేదు. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నానని అనుకోకపోతే ఒక మాట. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు మిర్చి బస్తా తోలే రైతును అడగండి. ఎంత ఆరిన కాయ లోపలికి పోవాలో, ఎన్ని నెలలు ఉంచితే రంగు నిలుస్తుందో, బయటికి తీశాక ఎంత త్వరగా అమ్మేయాలో గడగడా చెబుతాడు. ఆ బస్తాకు రసీదు ఉంటుంది, తేదీ ఉంటుంది. మిరపకాయను చల్లబెట్టడానికి ఉన్న పాటి పద్ధతి మనిషి మోకాలిని చల్లబెట్టడానికి లేకపోయింది.

ఆ రాత్రి నుంచి కోపంతో చదవడం మొదలుపెట్టాను. ఐసు అసలు పనిచేస్తుందా అన్న ప్రశ్న దగ్గరే నాకు మొదటి దెబ్బ తగిలింది. వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి తూకం వేసే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. మోకాలి మార్పిడి తరువాత చల్లదనం ఎంత మేలు చేస్తుందో 2012లో 12 పరీక్షలు, 809 మంది రోగుల లెక్కతో ఒకసారి చూసింది. 2023లో 22 పరీక్షలు, 1839 మందితో మళ్లీ చూసింది. రెండోసారి తేలినది ఇది: పదికి లెక్కిస్తే నొప్పి సుమారు 1.6 పాయింట్లు తగ్గవచ్చు. ఇంటికి వెళ్లేనాటికి మోకాలు మరో 8 డిగ్రీల మేర ఎక్కువ వంగవచ్చు. రక్తం పోవడం పావు లీటరుకు కాస్త ఎక్కువగా తగ్గవచ్చు. అన్నీ ‘వచ్చు’లే. ఈ ఆధారాల మీద నమ్మకం తక్కువ అని వాళ్లే రాశారు.

నమ్మకం ఎందుకు తక్కువంటే, ఒక కారణం మన ఇంట్లో కూర్చునే ఊహించవచ్చు. మాత్రల పరీక్షలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త పిండి మాత్ర ఇచ్చి ఎవరికీ చెప్పకుండా ఉంచవచ్చు. మోకాలి మీద ఐసు పెట్టారో లేదో తెలియకుండా ఎవరి మీద ప్రయోగం చేస్తారు? పెట్టించుకున్నవాడికి తెలుసు, అడిగేవాడికీ తెలుసు. ఎవరో పక్కన కూర్చుని చల్లగా ఏదో చేస్తున్నారన్న తృప్తిలోనే సగం నొప్పి పోతుంది.

అయితే ఐసు దండగా? నేను అలా అనను. అమ్మకు షుగరు, బీపీ ఉన్నాయి. నొప్పి మాత్రల్లో కొన్ని మూత్రపిండాలకు మంచివి కావు, మరికొన్ని తల తిప్పుతాయి, మలబద్ధకం తెస్తాయి. పదిలో ఒకటిన్నర పాయింటు నొప్పి ఒక మాత్ర తక్కువతో తగ్గితే నాకు అది చిన్న విషయం కాదు. పైగా ఐసు చవక. చవకగా ఉన్నంతవరకే ఆ న్యాయం.

యంత్రం సంగతి అక్కడే వస్తుంది. డిశ్చార్జి రోజున ఒకాయన మంచం దగ్గరికి వచ్చి రంగుల కరపత్రం ఇచ్చాడు. ఒక డబ్బాలో ఐసు, నీళ్లు పోస్తే మోటారు ఆ నీటిని గొట్టాల ద్వారా మోకాలి చుట్టూ కట్టిన తొడుగులో తిప్పుతుంది. అద్దెకూ ఇస్తారు, అమ్ముతారు కూడా. “త్వరగా కోలుకోవాలంటే ఇది తప్పనిసరి” అన్నాడు. ఇలాంటి యంత్రాలు మామూలు ఐసు సంచి కంటే స్పష్టంగా మేలని చూపే గట్టి ఆధారం నాకు ఎక్కడా కనిపించలేదు. నిజమే, డబ్బా మోసే పని తప్పుతుంది, నీరు కారదు. ఆ సౌకర్యానికి డబ్బు పెడతామంటే పెట్టవచ్చు, కోలుకోవడానికని మాత్రం కాదు. మోకాలి లోపల బిగించే తొడుగులకు 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. బాగా వాడుకలో ఉన్న కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాకుండా 54,720 రూపాయలు. మా బిల్లు చూస్తే లోహం ధర అదుపులోనే ఉంది. పెరిగినదంతా చుట్టూ ఉన్న సరంజామా దగ్గరే.

ఐసు అసలు ప్రయోజనం నాకు అర్థమైంది డాక్టరు దగ్గర కాదు, కరపత్రంలో కాదు, కాజీపేట నుంచి స్కూటీ మీద వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర. మొదటి రోజే ఆమె రెండు తప్పులు పట్టుకుంది. ఒకటి, పెద్దమ్మ ప్రేమగా మోకాలి కింద పెట్టిన దిండు. హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగిన చోటే బిగుసుకుపోయి తరువాత తిన్నగా చాపలేరు. దిండు మడమ కింద పెట్టించింది. రెండోది నా ఐసు వేళలు. కాఫీ టిఫిన్ల మాదిరిగా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పెడుతున్నాను. ఆమె వ్యాయామానికి ముందు పదిహేను నిమిషాలు పెట్టించి, ఆ మొద్దుబారిన కాసేపట్లోనే కాలు వంచించేది. అయ్యాక, రేగిన మంట చల్లారడానికి మరో పదిహేను నిమిషాలు.

దీని వెనక ఒక చిత్రమైన సంగతి ఉంది. కీలులో నీరు చేరితే తొడ ముందు కండరం పనిచేయడం మానేస్తుంది. కండరానికి ఏ దెబ్బా తగలదు. కీలు నుంచి వెళ్లే కబురుతో వెన్నుపాము ఆ కండరానికి ఆజ్ఞ పంపడం తగ్గిస్తుంది. ఆపరేషన్ తరువాత మొదటి నెలలో ఆ కండరం బలం సగానికి పైగా పడిపోతుందని కొలిచి చూసినవాళ్లు రాశారు. అమ్మ “కాలు ఎత్తుదామంటే నా మాట వినడం లేదు” అనేది. నేను నీరసం అనుకున్నాను. ఆమె ఉన్నదున్నట్లే చెప్పింది; నిజంగానే మాట అందడం లేదు. మోకాలిని చల్లబరిస్తే ఆ అడ్డు కొంతసేపు సడలుతుందని ప్రయోగాల్లో తేలింది. ఆ కొంతసేపే మనకు దొరికే గడువు. ఆ గడువులో కాలు ఎత్తి, మడమను మంచం మీద జార్చి, తొడను బిగించి వదిలితే ఐసు పనికొచ్చినట్లు. ఆ గడువును సీరియల్ చూస్తూ గడిపితే ఐసు కరిగిపోయినట్లు.

ఐసు గాయాన్ని మాన్పదు. ఈ మాట నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ‘ఐసు ఎంత పెడితే అంత త్వరగా మానుతుంది’ అనుకునే ఇళ్లు చాలా చూశాను. గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ క్రీడా వైద్యుడు 1978లో బెణుకులకు విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే నాలుగు సూత్రాలు చెప్పాడు. లోకమంతా వల్లె వేసింది. దశాబ్దాల తరువాత ఆయనే, వాపు కూడా మానే ప్రక్రియలో భాగమే కాబట్టి ఐసు, పూర్తి విశ్రాంతి కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చని తన మాటను తానే సవరించుకున్నాడు. దాన్ని పట్టుకుని ఇప్పుడు కొందరు ఐసే వద్దంటున్నారు. ఆటగాడి పిక్క పట్టేయడం వేరు, ఎముక కోసిన 66 ఏళ్ల మనిషి పది రోజుల్లో మోకాలు వంచవలసి రావడం వేరు. వంచకపోతే అది వంగకుండానే మానుతుంది. అంతకు చాలా ముందు, రెండు వేల ఏళ్లకు పైబడిన నాడే, హిప్పోక్రటీస్ పేరున ఉన్న వైద్య సూత్రాల్లో కీళ్ల వాపుకు చన్నీళ్లు ధారగా పోయమని, మితమైన మొద్దుబారడం నొప్పిని తగ్గిస్తుందని ఉంది. ‘మితమైన’ అన్న ఆ ఒక్క మాట మా కాగితం మీద ఉంటే అమ్మకు మచ్చ ఉండేది కాదు.

ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకూడదు. ఐసుతో చల్లారే వేడి ఉంది, చల్లార్చకూడని వేడి ఉంది. రోజురోజుకూ తగ్గుతూ వచ్చే వెచ్చదనం మామూలు. తగ్గినట్లే తగ్గి మళ్లీ ఎర్రబడటం, గాటు నుంచి నీరో చీమో కారడం, చలితో జ్వరం రావడం, పిక్క వాచి నొప్పి పుట్టడం ఐసు సంచితో ఇంట్లో తేల్చుకునే వ్యవహారాలు కావు. అప్పుడు ఆటో ఎక్కాలి. ఇక పెద్దమ్మ కాపడానికీ దాని రోజు దానికి వస్తుందేమో అని ఫిజియో అమ్మాయిని అడిగాను. గాయం పూర్తిగా మాని, వాపూ వెచ్చదనమూ పోయి, ఒట్టి బిగుతు మాత్రమే మిగిలినప్పుడు, డాక్టరు సరేనంటే, గోరువెచ్చటి కాపడం పెట్టుకోవచ్చంది. ఈ కబురు ఫోనులో పెద్దమ్మకు చెప్పాను. “నేను మొదటే చెప్పాను కదా” అంది.

మూడు వారాలకు మోకాలు 90 డిగ్రీలు వంగింది, రెండు నెలలకు 110. బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవద్దన్నారు కాబట్టి బతుకమ్మను కుర్చీలో కూర్చునే పేర్చింది. గుడి దగ్గర మూడు చుట్లు తిరిగి, నాలుగో చుట్టులో నా భుజం పట్టుకుంది. ఇంటికి వచ్చాక తానే ఐసు అడిగింది.

కిందటి నెల పై వాటాలో ఉండే రైల్వే రిటైర్డ్ ఆయన మోకాలు మార్పించుకుని వచ్చారు. మాది కాదు, వేరే ఆసుపత్రి. కూతురు మెట్లు దిగి వచ్చి, అక్కా, మీ ఇంట్లో ఐసు ఉంటుందట కదా అని అడిగింది. చేతిలో కాగితం ఉంది. తీసుకుని చూశాను. మందుల పట్టిక చక్కగా గీసి ఉంది. పట్టికకు కింద ‘ఐస్ ప్యాక్, రోజుకు 3 సార్లు.’

కాగితాన్ని తిప్పి వెనక వైపు రాయడం మొదలుపెట్టాను. నాన్నగారికి షుగరు ఉందా, ఉంటే ముందు డాక్టరుకు ఫోను చేసి అడుగు. ఐసు ముక్కలు, కాసిని నీళ్లు కలిపిన సంచే వాడు. ఫ్రీజర్ ప్యాక్ అయితే తీసి కాసేపు బయట ఉంచు. తడిపి పిండిన పలుచటి గుడ్డ చుట్టు. గాటు మీది కట్టు తడవనీయకు. ముందు నీ ముంజేతికి ఆనించి చూసుకో. పదిహేను నిమిషాలు, గడియారం చూసి. మధ్యలో ఎత్తి చర్మం రంగు చూడు. తెల్లబడినా, మచ్చలు పడినా తీసేయి. మొద్దుగా ఉందన్న చోట పెట్టకు. బిగించి కట్టకు. నిద్రపోతుంటే పెట్టకు.

అమ్మ లోపలి గదిలోంచి అంతా వింటూనే ఉంది.

“ఇంకొకటి కూడా రాయి బిడ్డా,” అంది. “ఐసు పెట్టినవాళ్లు ఫోను ఎత్తకూడదని.”